రౌషెన్‌బుష్ పాదిరిగారు: ఇంటిని, ఊరిని విడువని సంఘకాపరి

సంఘకాపరులు ప్రభువునందు నిద్రించిన తరువాత జరుగు స్మారక కూటములలో తరచుగా వినబడు పొగడ్తలు రెండు గలవు. "అయ్యగారు దేవుని పనిలోబడి యిల్లు మరచిరి" అనునది మొదటిది. "లోకవ్యవహారములలో ఎన్నడును తల దూర్చలేదు" అనునది రెండవది. సభవారు తలలూపుదురు. ముందు వరుసలో గూర్చున్న కాపరిగారి భార్యయు బిడ్డలును ఆ మొదటి మాట విని యేమనుకొందురో యెవరును విచారింపరు. పనిలేక, ఇంట గింజలేక వెనుక నిలుచున్న సంఘస్థులు రెండవ మాట విని యేమనుకొందురో అదియు నెవరును విచారింపరు. ఈ రెండును పొగడ్తలుగా చెల్లవని మా యభిప్రాయము. ఇల్లు, కాపరిపని, ఊరు అను మూడును ఒకదానికొకటి పగయనియు, ఒకదానికి పెట్టవలెనన్న రెండవదానినుండి తీసి పెట్టవలసినదే యనియు మనము ఏలాగో నమ్ముచు వచ్చితిమి. అట్లు కాదని బ్రదికి చూపిన బాప్తిస్టు కాపరి నొకరిని ఈ సంచికలో మా చదువరులకు జ్ఞాపకము చేయదలచితిమి. ఆయన పేరు వాల్టర్ రౌషెన్‌బుష్. ఆయన అమెరికా దేశస్థుడు. 1918వ సంవత్సరమున స్వర్గస్థుడయ్యెను.

మన సంఘములలో ఆయన పేరు విన్నవారు బహు కొద్దిమంది. అయినను ఆయన మనకు బొత్తిగా పరాయివాడు కాడు. ఒంగోలు మిషనును స్థాపించిన క్లౌ దొరగారి పేరు తెలియని తెలుగు బాప్తిస్టు కుటుంబముండదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన కరవులో, జనులకు కూలి దొరకుటకై బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో నొక భాగమును తామే గుత్తకు దీసికొని, వేలకొలది నోళ్లకు గంజి పోయించిన దొరగారాయన. కరవు దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారిని, అన్నముకొరకు వచ్చిరను మాట పడకూడదని, ఆపియుంచిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమీయబడెను. ఆ క్లౌ దొరగారు మొదటి భార్య మరణించిన పిమ్మట 1894లో వివాహమాడిన ఎమ్మా అమ్మగారు, మేము చెప్పబోవు రౌషెన్‌బుష్ గారికి తోడబుట్టిన అక్క. ఆమె 1882లోనే మిషనరీగా తెలుగు మిషనుకు వచ్చెను. చెప్పులు కుట్టి జీవించిన మాదిగ కుటుంబముల కథలను, వారి పెద్దల విశ్వాసమును గూర్చి ఆమె వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1899లో అచ్చుపడినది. అది మన పూర్వులలో అనేకుల చరిత్ర. దానిని తెలుగువారు చదువవలసినంతగా చదువలేదని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

వాల్టరు గారు కూడ మన దేశమునకు రావలసినవారే. ఆయన వేదాంతవిద్య ముగించు కాలమున, 1872లో స్థాపింపబడిన మన రామాయపట్నపు వేదాంత పాఠశాలకు పెద్దగా ఆయనను పంపవలెనని యోచన జరిగెను. అయితే పాత నిబంధననుగూర్చి ఆయనకు గల అభిప్రాయములు ఆయన గురువులలో నొకరికి సమ్మతము గానందున ఆ యోచన సాగలేదు. అక్క తెలుగుదేశములో నుండెను. తమ్ముడు న్యూయార్కులో నిలిచిపోయెను. ఆ నష్టము మనదని కొందరనవచ్చును. న్యూయార్కు బీదలకు కలిగిన లాభమును చూడగా, మాకు ఫిర్యాదు చేయబుద్ధి పుట్టదు.

ఆయన 1861 అక్టోబరు 4న న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి అగస్టు గారు జర్మనీనుండి వచ్చిన లూథరను పాదిరి. తరతరములుగా కాపరులైన వంశమువారు. అమెరికాలో బాప్తిస్టు మతము నవలంబించి, రాచెస్టరు వేదాంత కళాశాలలో జర్మను శాఖకు గురువైరి. తలిదండ్రుల సంసారము సుఖమైనది కాదని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. దీనిని మేము కొండెముగా వ్రాయుటలేదు. దైవసేవకుల యింట పుట్టినంతమాత్రాన చల్లని యిల్లు దానంతటదియే దొరకదనియు, దానిని పనిగా బెట్టుకొని కట్టుకొనవలసియుండుననియు ఆ బాలుడు చిన్ననాటనే యెరిగియుండునని తలంచి వ్రాయుచున్నాము. జర్మనీలోని గ్యూటర్స్‌లో ఉన్నత పాఠశాలలో నాలుగేండ్లు చదివి, తిరిగి వచ్చి, రాచెస్టరులో కళాశాల విద్యను, వేదాంత విద్యను ముగించి, 1886లో న్యూయార్కు నగరమున రెండవ జర్మను బాప్తిస్టు సంఘమునకు కాపరిగా వెళ్లెను. అప్పటి కాయనకు ఇరువదినాలుగేండ్లు.

ఆ సంఘమున్న పేటకు హెల్స్ కిచెన్ అని పేరు. నరకపు వంటయిల్లని దాని యర్థము. పేరు పెట్టినవారు వట్టి పరిహాసమున కట్లు పెట్టలేదు. అంతస్తుపై అంతస్తుగా కట్టిన అద్దె కొంపలు, గాలి వెలుతురులేని గదులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము, దాపున కసాయిశాలలు, కర్మాగారములు. ఆయన సభ్యులు వందకు పైబడినవారు. జర్మనీనుండి వలసవచ్చిన కూలివారు, చేతిపనివారు. యువకుడైన ఆ కాపరి ఆత్మలను రక్షించుటకే తాను వచ్చితినని తలంచి వచ్చెను. సువార్త చక్కగా ప్రకటించిన యెడల తక్కినదంతయు దానంతటదియే చక్కబడునని అనుకొనెను. ఈ తలంపు ఆయనది మాత్రమే కాదు. ఇప్పటికిని మనలో ననేకులది.

ఆయన మనస్సును మార్చినవి పుస్తకములు కావు. పసిబిడ్డల సమాధి కార్యములు. చిన్న చిన్న శవపేటికలు ఒకదాని వెంట నొకటి ఆ యిండ్లనుండి వెలువడుచుండగా, వాటి యెదుట నిలిచి ప్రార్థన చేయవలసిన పని ఆయనదే. అవి తన హృదయమును పట్టి పిండినవని అనేక సంవత్సరముల తరువాత ఆయన చెప్పుకొనెను. ఈ బిడ్డలేల చావవలెనని తనలో తాను ప్రశ్నించుకొనెను. ఇది దేవుని చిత్తమని తల్లితో చెప్పి యింటికి పోవుట సులభము. గాలిలేని గదిని అద్దెకిచ్చినవాని చిత్తమో, తండ్రికి చాలని కూలి యిచ్చినవాని చిత్తమో విచారింపక, దేవుని చిత్తమని యెట్లు చెప్పుదునని ఆయనకు తోచెను. మాకీ సందేహము బహు పూజ్యముగా కనబడుచున్నది. బీదవాని యింటిలో బిడ్డ చచ్చినప్పుడు ఆదరణ వాక్యము చెప్పుట కాపరి ధర్మము. అదే వీధిలో నాల్గవ బిడ్డ చచ్చినప్పుడును ఆదరణ వాక్యము మాత్రమే చెప్పి యూరకుండుట ధర్మమగునా? ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు బోధించినవారు, పిల్లవాని పలక చూచుటకు ముందు వాని యిల్లు చూడుడని చెప్పుచుండెడివారు. కాపరులకును ఇది వర్తించునని రౌషెన్‌బుష్ గారి చరిత్ర చదివిన పిమ్మట మాకు తోచినది.

ఆ సంవత్సరముననే, అనగా 1886లో, హెన్రీ జార్జి అను ఆర్థికశాస్త్రవేత్త పనివారి పక్షమున న్యూయార్కు నగరాధ్యక్ష పదవికి పోటీచేసెను. భూమి విలువ పెరుగుటవలన వచ్చు లాభము కూర్చున్న యజమానునికి గాక జనులందరికి చెందవలెనని ఆయన వాదము. యువ కాపరి ఆ వాదమును విని, జార్జి గారికి తోడ్పడెను. జార్జి గారు ఓడిపోయిరి. 1889 నవంబరులో రౌషెన్‌బుష్ గారు స్నేహితులతో గూడి పనివారికొరకు ఒక చిన్న పత్రికను ప్రారంభించిరి. అది 1891 వరకే నడచెను. ఇట్టి పత్రికలు మధ్యలో నిలిచిపోవుట మనకు క్రొత్త సంగతి కాదు. మా యీ సంచికయే రెండుమార్లు ఆగి లేచినది.

ఇంతలో ఆయనకు గొప్ప విపత్తు కలిగెను. జ్వరముతో మంచమునబడి, పూర్తిగా కోలుకొనకమునుపే లేచి రోగులైన సభ్యులను చూడబోయినందున రోగము తిరుగబెట్టి, వినికిడి చెడిపోయెనని చెప్పుదురు. ముప్పదియేండ్ల ప్రాయము వచ్చునప్పటికి ఆయనకు దాదాపుగా చెవులు వినబడకుండెను. కాపరికి చెవులే ప్రధానము. మాటలాడుట యందరు నేర్తురు. రోగి గొణుగుడును, విధవ వెక్కివెక్కి చెప్పు మాటలను, పశ్చాత్తపించువాని గుసగుసలను వినవలసినవాడు కాపరి. తా నిక పనికిరానని తలంచి ఆయన 1891లో సంఘమునకు రాజీనామా నిచ్చెను.

ఇక్కడ మేము కొంచెము నిలువగోరుచున్నాము. ఆ బీదసంఘమువారు ఆ రాజీనామాను అంగీకరింపలేదు. జీతముతో సెలవిచ్చి, విశ్రాంతికిని చికిత్సకును ఐరోపాకు పంపిరి. వారు లక్షాధికారులు కారు. వారమువారము కూలి తెచ్చుకొనువారు. చెవిటి కాపరిని పంపివేసి, చెవులున్న కాపరిని పిలుచుకొనుట వారికి సులభము. దానిని న్యాయమని సమర్థించు పెద్దలు ఏ సంఘమునందైనను ఇద్దరు ముగ్గురు దొరకుదురు. అయినను వారట్లు చేయలేదు. ఆ సెలవులో ఆయన యింగ్లండులోను జర్మనీలోను బీదలకొరకు జరుగు పనులను చూచెను. దేవుని రాజ్యమునుగూర్చి ఒక గ్రంథమును వ్రాయ మొదలుపెట్టెను. ఆ వ్రాతప్రతి పెట్టెలలోబడి మరుగై, ఆయన మరణించిన యేబదియేండ్లకు, 1968లో అచ్చయ్యెను. ఆయన తరువాతి పుస్తకములకెల్ల బీజములు ఆ సెలవుకాలపు కాగితములలో గలవని పండితులు చెప్పుచున్నారు. ఆ కూలివారిచ్చిన కొన్ని నెలల జీతములో ఎంత ఫలమున్నదో చదువరులే యోచింపవలెను.

మన సంఘములనుగూర్చి ఇట్లు చెప్పగలమా? మా పాఠశాలలో చదువు కాపరుల బిడ్డలను మేమెరుగుదుము. తండ్రి ఆదివారమున మూడు గ్రామములలో ప్రసంగించును. సోమవారమున రుసుము కట్టుటకు గడువు కోరుచు కార్యాలయము ముందు నిలుచును. జీతమేమయినదని యడిగితే కానుకలు సరిగా పడలేదను ప్రత్యుత్తరము వచ్చును. ఆయన జబ్బుపడిన యెడల, ప్రార్థన చేయుదుమని పెద్దలందరు చెప్పుదురు. వైద్యునికెవరు చెల్లించునది చెప్పరు. గుడికి రంగులు వేయుటకు, గంటకు, గోపురమునకు చందాలు వచ్చుచున్నవి. కాపరి సెలవుకు చందా యడిగినవారిని మేమింతవరకు చూడలేదు. "అయ్యగారు ఇల్లు మరచిరి" అను స్మారక వాక్యములో సగము నిజమేమనగా, ఆయన యింటిని సంఘమే మరచినది. ఆ మరపును ఆయన భక్తిగా మార్చి పొగడుట మన నేర్పు.

సెలవునుండి వచ్చిన తరువాత 1893 ఏప్రిల్ 12న ఆయన పౌలీన్ రోథర్ అను నామెను వివాహమాడెను. ఆమె మిల్వాకీ పట్టణమున బడిపంతులమ్మ. ఇది వ్రాయుటలో ఉపాధ్యాయులమైన మాకు కొంచెము గర్వముగానే యున్నది. వినబడని భర్తకు ఆమె చెవులాయెను. సభ్యుల యిండ్లకు ఇద్దరును కలిసి వెళ్లుచుండిరి. సభలలో జరుగు ప్రసంగమును, అతిథులు పలుకు మాటలను ఆమె ఆయనకు తెలియజేయుచుండెను. కాపరి యింటిని మరచి పని చేసెనని ఇక్కడ చెప్పగలరా? ఇల్లు లేనిది పనియే నడువదు. అట్లే, పని లేనిది ఆ యింటికి అంత యన్యోన్యత కలుగదేమో. ప్రక్కప్రక్కన నడచి రోగుల గుమ్మములెక్కిన దంపతులకు తెలిసిన స్నేహము, వేరువేరుగా అలసి రాత్రివేళ కలిసికొనువారికి తెలియుట కష్టము.

వారికి అయిదుగురు బిడ్డలు కలిగిరి. వివాహమైన యేటనే అమెరికాలో గొప్ప ఆర్థిక విపత్తు వచ్చి కర్మాగారములు మూతబడెను. పని దొరకునా యని అడుగుచు మనుష్యులు కాపరి గుమ్మము తట్టుచుండిరి. క్రొత్త సంసారము, చెవిటితనము, తలుపుదగ్గర ఆకలి! దేనిని విడిచి దేనిని పట్టుకొనవలెనను ప్రశ్న ఎవరికైనను అప్పుడే రావలెను. ఆయన దేనిని విడువలేదు. 1892లో స్నేహితులతో స్థాపించిన "రాజ్యసహోదరత్వము" అను కూటమిలో ప్రతి సంవత్సరము చేరి, దేవుని రాజ్యము పరలోకమునకు మాత్రమే చెందినది కాదనియు, ఇండ్లలో, కర్మాగారములలో, న్యాయస్థానములలో రావలసినదనియు చర్చించుచు వచ్చెను. మరియొక సంగతి మమ్మును ఆశ్చర్యపరచుచున్నది. చెవులు వినబడని యీ మనుష్యుడే శాంకీ అను ప్రసిద్ధ గాయకునితో గూడి సువార్త కీర్తనలను జర్మను భాషలోనికి దెచ్చి ప్రచురించెను. తాను వినలేని పాటలను ఇతరులు పాడుటకు సిద్ధపరచెను.

1897లో ఆయనను రాచెస్టరు వేదాంత కళాశాలవారు పిలిచిరి. మొదట జర్మను శాఖలోను, 1902 నుండి సంఘచరిత్రకు ఆచార్యుడుగాను ఉండెను. వినబడని గురువు తరగతి నెట్లు నడుపును? పెదవుల కదలికనుబట్టియు, విద్యార్థుల ప్రశ్నలను ప్రక్కనుండువారు వ్రాసి చూపుటవలనను. బడి నడుపువారికి అది యెంత కష్టమో తెలియును. వినబడు చెవులతోనే మాకు తరగతి గది పూర్తిగా వినబడుటలేదు. పట్టణమునందును ఆయన యూరకుండలేదు. 1904లో యౌవన క్రైస్తవుల సమాజము పక్షమున రాచెస్టరులోని పురుషులయొక్కయు బాలురయొక్కయు స్థితిగతులనుగూర్చి విచారణ నడిపించెను. ప్రసంగించుటకు ముందు లెక్క తీయవలెను అనునది ఆయన పద్ధతి.

1907లో "క్రైస్తవమతము - సాంఘిక సంక్షోభము" అను అర్థము గల ఆంగ్ల గ్రంథము ప్రకటింపబడెను. న్యూయార్కులో తనతో బ్రదికిన పనివారికి తాను పడిన ఋణమును తీర్చుకొనుటకే దీనిని వ్రాసితినని ఆయన పీఠికలో తెలిపెను. దానిని అచ్చుకిచ్చి కుటుంబముతో జర్మనీకి వెళ్లెను. కోపగించుకొందురు, ఉద్యోగము పోయినను పోవచ్చునని భయపడెను. తిరిగివచ్చునప్పటికి దేశమంతట ఆయన పేరు మారుమ్రోగుచుండెను. అప్పటినుండి ఆయన గ్రంథములు వరుసగా వెలువడెను. వాటి పట్టిక యిచ్చుట మా యుద్దేశము కాదు. 1910లో వచ్చిన ప్రార్థనల పుస్తకమును మాత్రము చెప్పక విడువజాలము. పనిచేయు పిల్లలకొరకు, కష్టించు స్త్రీలకొరకు, వలసవచ్చినవారికొరకు, వైద్యులకొరకు వేరువేరుగా వ్రాసిన ప్రార్థనలవి. మన ఆరాధనలలో అధికారులకొరకు, ప్రయాణికులకొరకు, పరీక్షలు వ్రాయువారికొరకు ప్రార్థింతుము. ఇటుకబట్టీలో పనిచేయు బిడ్డకొరకు పేరుపెట్టి ప్రార్థించుట మేమెన్నిసారులు విన్నాము?

ఇట్లు వ్రాయుచు ఆయనను దోషములేనివానిగా జేయుట మాకిష్టము లేదు. నిర్దోషులైన పెద్దలు చదువరులకు నిరుపయోగులు. స్త్రీలనుగూర్చి ఆయన యభిప్రాయములు పాతకాలపువి. తల్లి స్థానము ఇల్లేయని ఆయన దృఢముగా నమ్మెను. అక్క ఎమ్మా అమ్మగారు, స్త్రీల హక్కులకై వ్రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ అను నామెనుగూర్చి పరిశోధన చేసి, స్విట్జర్లండులోని బెర్ను విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టము పొందియుండగా, తమ్ముడిట్లు తలంచుట వింతగానే యున్నది. పెద్దకుమార్తె వినిఫ్రెడ్ యౌవనములో స్వాతంత్ర్యము కోరినప్పుడు తండ్రికిని ఆమెకును జాబులలో వాదములు జరిగెను. తన దేశమందలి నల్లజాతివారి బాధనుగూర్చి ఆయన చాలకాలము మౌనముగా నుండెను. తెరచిన కొలది మాటలు కడపటి సంవత్సరములలోనే. పనివారి కూలినిగూర్చి అంత స్పష్టముగా చూచిన కన్ను, దీనిని చూచుటకు ఆలస్యము చేసెను. కులముల మధ్య బ్రదుకు మనకు ఇది చిన్న సంగతిగా కనబడరాదు. ఒక అన్యాయమును చూచినవాడు అన్నిటిని చూచును అను నమ్మకము సరికాదు. మరియు లోకము దినదినము మేలగుచున్నదని ఆయన ఆశించెను. 1914లో వచ్చిన యుద్ధము ఆ యాశను కొట్టివేసెను. 1934లో ఆయన పేరిట ఏర్పడిన ఉపన్యాసములనే యిచ్చుచు రైన్‌హోల్డ్ నీబూర్ అను వేదాంతి, సాంఘిక సువార్తవారు పాపముయొక్క బలమును తక్కువగా అంచనా వేసిరని విమర్శించెను. ఆ విమర్శలో సత్యము గలదు. అయినను నీబూర్ గారి నెరిగినవారు కొందరు, పాపము బలమైనదని నేర్చుకొని దానిని ఊరకే విడిచిపెట్టుటకు దానినే సాకు చేసికొందురు. అది మాకు నచ్చదు.

యుద్ధము ఆయన యింటిని కూడ చీల్చెను. జర్మను వంశస్థుడగుటచే అమెరికాలో అనేకులు ఆయనను అనుమానించిరి. 1915లో, లాభముకొరకు యుద్ధసామగ్రి అమ్ముటను నిరసించుచు ఆయన మరియొక పాదిరితో గూడి ప్రకటన చేసెను. కుమారుడు స్టీఫెన్ ఫ్రాన్సులో గాయపడినవారిని మోయు దళములో చేరెను. 1918 జూలై 25న రాచపుండు రోగముచే రౌషెన్‌బుష్ గారు మరణించెను. ఆయన కప్పుడు ఏబదియారేండ్లు. యుద్ధము ముగియుట ఆయన చూడలేదు.

ఆయన యింటిని విడువలేదని చెప్పితిమి. దానికి సాక్ష్యము ఆయన చనిపోయిన తరువాత ఆ బిడ్డలు చేసిన పనులు. స్టీఫెన్ 1934 మొదలు 1936 వరకు అమెరికా సెనేటువారి నై సంఘము యుద్ధసామగ్రి వ్యాపారమును విచారించినప్పుడు ఆ విచారణకు ముఖ్య పరిశోధకుడాయెను. తండ్రి 1915లో నిరసించినదానిని కుమారుడు లెక్కల పుస్తకములు తెరచి చూచెను. పాల్ అను మరియొక కుమారుడు న్యాయమూర్తి బ్రాండీస్ గారి కుమార్తె ఎలిజబెత్తును వివాహమాడెను. వారిద్దరును విస్కాన్సిన్ రాష్ట్రములో, పని పోయినవారికి భృతి నిచ్చు చట్టమును రచించుటలో పాలుగొనిరి. 1932లో అంగీకరింపబడిన ఆ చట్టము అమెరికాలో అట్టివాటిలో మొదటిది. 1893లో తండ్రి గుమ్మము తట్టిన నిరుద్యోగులను ఆ కుమారుడు చూచియుండలేదు; అతడప్పటికి పుట్టలేదు. అయినను భోజనపు బల్లయొద్ద వారినిగూర్చి వినియుండునని మేమూహించుట తప్పు కాదనుకొందుము. తండ్రితో వాదించిన వినిఫ్రెడ్, తండ్రి చాలకాలము పలుకక విడిచిన జాతుల సంబంధములనుగూర్చియే పరిశోధనలు చేసి వ్రాసెను. తండ్రి మాట కడ్డువచ్చిన బిడ్డయే తండ్రి పనిలో కొరతను పూరించెను. ఉపాధ్యాయులమైన మేము ఈ సంగతిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనుచున్నాము. మా తరగతులలో ప్రశ్నించు బాలికలను గట్టిగా కూర్చోబెట్టుట మాకును అలవాటే కదా.

ఇంటిలోనివారే గాక వెలుపలివారును ఆయనను వినిరి. మార్టిన్ లూథర్ కింగ్ గారు 1948 మొదలు 1951 వరకు క్రోజర్ వేదాంత కళాశాలలో చదువుచు రౌషెన్‌బుష్ గారి గ్రంథమును చదివెను. తన మనస్సుపై అది చెరగని ముద్ర వేసినదని, మనుష్యుని ఆత్మనుగూర్చి మాత్రమే చింతించి వాని కడుపును, వాని నివాసమును పట్టించుకొనని మతము బ్రదుకదని తాను దానినుండి గ్రహించితినని 1958లో అచ్చయిన తన పుస్తకమున చెప్పెను. అభివృద్ధి తప్పక కలుగునను ఆయన నమ్మకమును మాత్రము కింగ్ గారును ఒప్పుకొనలేదు. కింగ్ గారును బాప్తిస్టు కాపరియే. ఆయన యింటివారు ఊరికొరకు చెల్లించిన వెల అందరికి దెలిసినదే.

1907లో వచ్చిన ఆ గ్రంథమునకు నూరేండ్లు నిండినప్పుడు, 2007లో, మునిమనుమడైన పాల్ రౌషెన్‌బుష్ గారు దానిని మరల ప్రకటించిరి. ఒక్కొక్క అధ్యాయమునకును ఈ కాలపువారిచేత సమాధానము వ్రాయించిరి. గ్రంథాంతమున వినిఫ్రెడ్ కుమారుడు రిచర్డ్ రోర్టీ వ్రాసిన వ్యాసము గలదు. ఆయన పేరొందిన తత్త్వవేత్త. దేవుని నమ్మినవాడు కాడు. అయినను తాత కోరినట్టి క్రైస్తవమతము అమెరికాలో వికసింపక మొగ్గగానే నిలిచిపోయినందుకు విచారించుచు వ్రాసెను. ఆ సంవత్సరముననే రోర్టీ గారు చనిపోయిరి.